మార్కుల జాబితాలో లేని చదువు

(సంఘం వార్షిక సమావేశంలో ఉద్యోగార్థులనూ, వారి తల్లిదండ్రులనూ ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద మార్కులు బాగా వచ్చిన పిల్లలకు బహుమతులు ఇస్తున్నాము. ఫోటోలు తీయించి ఈ సంచికలోనే అచ్చు వేస్తున్నాము. అది చేయవలసిన పనే, కాదనము. అయితే అలా బహుమతి అందుకొన్న పిల్లల్లో కొందరు చదువు ముగిసి రెండేళ్ళు, మూడేళ్ళు గడిచినా ఉద్యోగం దొరక్క ఇంటిపట్టున వుంటున్నారు. వాళ్ళ నాన్నలు బజారులో కనిపించి, "సాహెబ్, మావాడికి మార్కులు వున్నాయి, సర్టిఫికెట్లు వున్నాయి. ఇంటర్వ్యూ దాకా వెళ్తున్నాడు, అక్కడే పోతున్నది. ఏమిటో మీరైనా చూడండి" అని అడుగుతున్నారు. ఆ "అక్కడే పోతున్నది" అన్న మాట గురించే ఈ రోజు నాలుగు ముక్కలు మనవి చేయదలచుకొన్నాము.

మేము అంటే ఎవరో కాదు. ఉద్యోగాలు చేసి రిటైరయినవాళ్ళం ఇద్దరం, బడిలో పాఠాలు చెప్పిన టీచరమ్మ ఒకరు, బజారులో దుకాణం నడిపే సోదరుడు ఒకరు. నలుగురం కలిసి ఆదివారాలు సంఘం గదిలో పిల్లలకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెడుతున్నాము. ఒక బల్ల, అటు నాలుగు కుర్చీలు, ఇటు ఒక కుర్చీ. అంతే సరంజామా. పిల్లలకు మేము నేర్పినదానికంటే వాళ్ళ దగ్గర మేము నేర్చుకొన్నదే ఎక్కువ. అదే మీ ముందు పెడుతున్నాము.

షెడ్డులో నేర్చిన చదువు

మొదట్లో వచ్చిన పిల్లల్లో ఒక అబ్బాయి సంగతి చెబుతాము. పేరు వద్దు. మెకానికల్ ఇంజనీరింగు పాసయ్యాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటివాడు. తండ్రికి బస్టాండు వెనుక మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు వున్నది.

"నీ గురించి చెప్పు బాబూ" అన్నాము. ఏ ఇంటర్వ్యూలోనైనా మొదట అడిగేది ఇదే. అబ్బాయి ఇంగ్లీషులో తన పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, కాలేజీ పేరు చెప్పాడు, క్రికెట్ ఆడటం ఇష్టమన్నాడు. ఆగిపోయాడు. గడియారం చూస్తే అర నిమిషం కూడా కాలేదు. నుదుట చెమట మాత్రం పట్టింది.

"మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగాము.

"బిజినెస్ అండీ."

"ఏం బిజినెస్?"

తల వంచుకొన్నాడు. "చిన్న షెడ్డు అండీ" అన్నాడు, ఏదో నేరం ఒప్పుకొన్నట్టు.

అప్పుడు మాలో దుకాణం నడిపే సోదరుడు కుర్చీ ముందుకు జరుపుకొని, "బేటా, షెడ్డుకి నువ్వు వెళ్తుంటావా?" అన్నాడు. "చిన్నప్పటినుంచి సెలవుల్లో వెళ్తానండీ" అన్నాడు అబ్బాయి. "అయితే ఒకటి చెప్పు. బండి బాగుచేసి ఇచ్చిన మర్నాడే ఒకాయన వచ్చి, మీరే పాడుచేశారు, మళ్ళీ శబ్దం వస్తోందని పదిమందిలో కేకలేస్తే ఏం చేస్తావు?"

అబ్బాయి తలెత్తాడు. "ముందు ఆయన్ని అరవనివ్వాలండీ. మధ్యలో మాట్లాడితే ఇంకా అరుస్తారు. స్టూలు వేసి, టీ చెప్పి, శబ్దం ఎప్పుడొస్తోంది, స్పీడులోనా, బ్రేకు వేసినప్పుడా అని అడగాలి. తర్వాత ఆయన్నే వెనక కూర్చోబెట్టుకొని ఒక రౌండు వెయ్యాలి. శబ్దం వచ్చినప్పుడు చెప్పమనాలి. మన తప్పయితే, మాదే తప్పండీ అని చెప్పి డబ్బు తీసుకోకుండా చేసివ్వాలి. మన తప్పు కాకపోతే విప్పి, ఆ పార్టు ఆయన చేతికిచ్చి చూపించాలి. చూపిస్తే ఒప్పుకొంటారండీ. చెబితే ఒప్పుకోరు."

మేము నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకొన్నాము. ఎదుటివాణ్ణి పూర్తిగా వినడం, కోపానికి కోపం కలపకపోవడం, సరైన ప్రశ్న అడగడం, తప్పు మనదైతే ఒప్పుకోవడం, తెలియనివాడికి తెలిసేటట్టు చెప్పడం, ఇవన్నీ ఆ జవాబులో వున్నాయి. పెద్ద పెద్ద కంపెనీలు పిల్లల్లో వెతికే గుణాలు సరిగ్గా ఇవే. వీటినే సాఫ్ట్ స్కిల్స్ అంటున్నారు. ఈ అబ్బాయి దగ్గర అవి బస్తాడు వున్నాయి. కాని ఆ బస్తాకు "బిజినెస్" అని చీటీ అంటించి మూలన దాచిపెట్టాడు.

ఆ పేరు ఎక్కడినుంచి వచ్చింది?

సాఫ్ట్ అంటే మెత్తన అని కొందరు, కంప్యూటరు సాఫ్ట్‌వేరుకు సంబంధించినదేమో అని ఇంకొందరు అనుకొంటారు. రెండూ కావు. ఈ మాట అమెరికా సైన్యం శిక్షణ పాఠాల నుంచి వచ్చింది. ట్యాంకులు, తుపాకులు, యంత్రాలతో చేసే పని ఒక రకం. మనుషులతోనూ, కాగితాలతోనూ చేసే పని, అంటే సిబ్బందిని నడిపించడం, పర్యవేక్షించడం వంటివి రెండో రకం. ఈ రెండో రకానికి సాఫ్ట్ స్కిల్స్ అని పేరు పెట్టి, 1972లో అక్కడి సైన్యం దానికోసమే ఒక సమావేశం కూడా జరిపింది. యంత్రం పనికి వరుసగా మెట్లు రాసి నేర్పవచ్చు, మనిషితో వ్యవహరించే పనికి అలా మెట్లు రాయడం కష్టమని ఆనాడే గమనించారు. కనుక మెత్తన అంటే తేలిక అని అర్థం కాదు.

తర్వాత ఇది బడులకూ, కాలేజీలకూ పాకింది. 1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బడిపిల్లలకు అలవరచవలసిన జీవన నైపుణ్యాలను 10గా లెక్కగట్టింది. నిర్ణయం తీసుకోవడం, చిక్కు విప్పుకోవడం, ఎదుటివారి బాధ గ్రహించడం, కోపతాపాలను అదుపులో వుంచుకోవడం వంటివి అందులో వున్నాయి. మన దేశంలో 2019లో యు.జి.సి. "జీవన్ కౌశల్" పేరుతో డిగ్రీ విద్యార్థులకు ఒక పాఠ్యప్రణాళిక తెచ్చింది. మన తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 2014 తర్వాత నైపుణ్యాభివృద్ధికి ప్రత్యేక సంస్థలు వెలిశాయి. ఏర్పాట్లు లేవని ఇప్పుడు ఎవరూ అనలేరు. వాటిని వాడుకొనే ధైర్యం మన పిల్లల్లో వున్నదా అన్నదే ప్రశ్న.

ఇంతకుముందు ఈ బెంగ ఎందుకు లేదు అంటే, చదివినవాళ్ళే తక్కువ కనుక. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ముస్లింలలోని వెనుకబడిన తరగతులకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. ఆ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కాలేజీ గడప ఎరుగని ఇళ్ళలోంచి పిల్లలు ఇంజనీర్లు, ఫార్మసీ పట్టభద్రులు, ఎం.బి.ఏ.లు అయ్యారు. సంతోషించవలసిన విషయమే. కాని అదే పట్టా, అవే మార్కులు వున్నవాళ్ళు వందలాదిగా వరుసలో నిలబడితే, ఎన్నుకొనేవాడు మార్కుల జాబితా పక్కన పెట్టి మనిషిని చూస్తాడు. మన పిల్లలకు సీటు దొరికింది. సీటు దొరికిన తర్వాత ఎలా మాట్లాడాలో చెప్పే అన్న గాని, బాబాయి గాని ఇంట్లో లేరు. తొలితరం చదువులో వున్న కష్టమే అది.

పరీక్ష రాసి వచ్చే ఉద్యోగానికి ఇవన్నీ ఎందుకు?

"మేము ప్రభుత్వోద్యోగానికి చదువుతున్నాం, అక్కడ ఇంటర్వ్యూలే తీసేశారు కదా" అని కొందరు పిల్లలు మమ్మల్ని నిలదీశారు. నిజమే. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, గ్రూప్ బి నాన్ గెజిటెడ్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎత్తివేసింది. తెలంగాణలో 2022లో గ్రూప్ 1, గ్రూప్ 2లకు కూడా ఇంటర్వ్యూలు తీసివేయాలని నిర్ణయించారు. పలుకుబడికి తావు లేకుండా చేసినందుకు మనమందరం సంతోషించాలి. సివిల్ సర్వీసులో మాత్రం మొత్తం 2025 మార్కులలో 275 మార్కులు ఇప్పటికీ ఇంటర్వ్యూవే.

కాని ఒక సంగతి ఆలోచించండి. పరీక్ష మనల్ని కుర్చీలో కూర్చోబెడుతుంది, నిజమే. కూర్చున్న తర్వాత ఆ కుర్చీ ఎదురుగా నిలబడేది ప్రశ్నపత్రం కాదు, మనిషి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు రాత పరీక్షతోనే వేలాది పిల్లలు ఉద్యోగాల్లో చేరారు. మొదటి రోజే కౌంటరు ముందు ఒక ముసలమ్మ నిలబడి, "నా పింఛను ఎందుకు ఆగింది నాయనా?" అని అడుగుతుంది. ఆమెకు వేలిముద్ర పడదు. చెవి సరిగా వినబడదు. వెనుక ఇరవై మంది తోసుకొంటున్నారు. అక్కడ కావలసిన చదువు ఏ గైడులో వున్నది? విసుక్కొని "రేపు రా" అనే ఉద్యోగిని జనం ఎన్నాళ్ళకూ మరచిపోరు. కూర్చోబెట్టి, కాగితం చూసి, ఏం తేవాలో రాసిచ్చే ఉద్యోగినీ మరచిపోరు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు మన పెద్దలు.

ఏమేమి అలవరచుకోవాలి?

ఇక పిల్లలతో నేరుగా మాట్లాడతాము. ముందు వరుసల్లో కుర్చీలు ఖాళీగా వున్నాయి, వచ్చి కూర్చోండి.

మొదటిది, వినడం. ఇంటర్వ్యూలో చాలామంది అడిగిన ప్రశ్నకు కాక, బట్టీ పట్టిన ప్రశ్నకు జవాబు చెబుతారు. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగండి. అర్థం కాకపోతే "మళ్ళీ ఒకసారి చెబుతారా అండీ" అని అడగండి. అడగడం తప్పు కాదు. అడగందే అమ్మయినా పెట్టదు. గ్రూప్ డిస్కషన్ అని ఒకటి పెడతారు. ఎనిమిది, పదిమందిని కూర్చోబెట్టి ఒక విషయం మీద మాట్లాడమంటారు. గట్టిగా అరిచినవాడు గెలుస్తాడని మన పిల్లల భ్రమ. "ఇప్పుడు ఆయన చెప్పినదానికి నేను ఇది కలుపుతాను" అని మాట్లాడేవాడినీ, మాట రాక మూల కూర్చున్నవాడిని "మీరేమంటారు" అని పలకరించేవాడినీ వాళ్ళు గమనిస్తారు.

రెండవది, చెప్పడం. మీ గురించి రెండు నిమిషాలు చెప్పడం నేర్చుకోండి. పేరు, చదువు ఒకటి రెండు వాక్యాల్లో ముగించి, మీరు చేసిన ఏదైనా ఒక పని చెప్పండి. పని చెప్పడానికి నాలుగు మెట్లున్నాయి. పరిస్థితి ఏమిటి, అందులో మీ మీద పడిన బాధ్యత ఏమిటి, మీరు చేసినది ఏమిటి, చివరకు ఏమైంది. "నేను కష్టపడే మనిషిని" అని వందమంది చెబుతారు. "రంజాన్ నెలలో మా నాన్న జబ్బుపడితే పదిహేను రోజులు దుకాణం నేను చూశాను, అరువు పద్దులన్నీ విడిగా రాసి సగం వసూలు చేశాను" అని ఒక్కడే చెబుతాడు. గుర్తుండిపోయేది వాడే. అయితే జరగనిది చెప్పవద్దు. రెండో ప్రశ్నలో దొరికిపోతారు.

మూడవది, భాష. ఇంగ్లీషు రాకపోవడమే మన లోపమని చాలామంది అనుకొంటున్నారు. ఇంగ్లీషు కావాలి, కాదనము. రోజూ పది నిమిషాలు ఇంగ్లీషు పత్రిక పైకి గట్టిగా చదవండి, నాలుక తిరుగుతుంది. కాని ఇంగ్లీషు వేరు, సాఫ్ట్ స్కిల్స్ వేరు. ధారాళంగా ఇంగ్లీషు మాట్లాడుతూ ఎదుటివాణ్ణి పురుగులా చూసే మనిషిని మీరూ చూసే వుంటారు. పైగా మనలో చాలా ఇళ్ళలో ఉర్దూ మాట్లాడుతాము, వీధిలో తెలుగు మాట్లాడుతాము, టి.వి.లో హిందీ వింటాము. దుకాణానికి వచ్చిన మనిషి నోరు తెరవగానే ఏ భాషలో పలకాలో మన పిల్లలకు తెలిసిపోతుంది. మూడు భాషల్లో మనుషులతో మెలగడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన ఆస్తి. దరఖాస్తులో భాషలు అన్నచోట సిగ్గుపడకుండా అన్నీ రాయండి.

నాలుగవది, "తెలియదండీ" అనగలగడం. తెలియని ప్రశ్నకు నీళ్ళు నమలవద్దు. "ఇది నాకు తెలియదండీ, తెలుసుకొంటాను" అని స్పష్టంగా చెప్పండి. మెకానిక్ తెలియని బండి విప్పితే ఏమవుతుందో షెడ్డు పిల్లలకు మేము చెప్పనక్కరలేదు.

ఐదవది, మాట నిలబెట్టుకోవడం. ఇక్కడ మన దర్జీ సోదరులు కోపగించుకోకూడదు. (సభలో నవ్వులు.) పండుగ ముందు ఎవరు వెళ్ళినా "రేపు ఇస్తాం" అంటారు. ఆ రేపు ఎప్పుడు వస్తుందో మిషనుకే తెలియాలి. ఉద్యోగంలో అది సాగదు. పని గడువుకు కాకపోతే, గడువు దాటిన తర్వాత సాకు చెప్పడం కాదు, రెండు రోజుల ముందే "ఇంతవరకు అయింది, ఇంకా ఇంత మిగిలింది" అని చెప్పాలి. సమయపాలన అంటే గడియారం చూసి పరుగెత్తడం ఒక్కటే కాదు, మన ఆలస్యం వల్ల ఎదుటివాడి పని ఎక్కడ ఆగుతుందో తెలిసి వుండటం.

ఆరవది, దిద్దుబాటును తీసుకోవడం. ఉద్యోగం దొరకడానికి ఇంగ్లీషు, నిలుపుకోవడానికి ఈ గుణం కావాలి. పైఅధికారి పని బాగాలేదంటే అది మీ పని గురించి అన్న మాట, మీ ఇంటి పరువు గురించి కాదు. మొదటి నెలలోనే ఆత్మాభిమానమని ఉద్యోగం వదిలి వచ్చిన పిల్లలను మేము ఎరుగుదుము. ఉస్తాద్ చేతిలో పానా దెబ్బలు తిని పని నేర్చుకొన్న తండ్రులకు పుట్టినవాళ్ళే వీళ్ళు. దెబ్బలు కొట్టడం సమర్థించము, ఆ కాలం పోవలసిందే. కాని "ఎక్కడ తప్పాను, ఎలా చెయ్యాలి?" అని అడిగే ఓర్పు మాత్రం పోకూడదు.

దీనికి చేరువలోనే ఇంకొకటి వున్నది, అడగవలసినది మర్యాదగా అడగడం. శుక్రవారం నమాజుకు గంట సేపు కావాలి. కొందరు అడగడానికి భయపడి లోలోపల కుములుతారు. కొందరు చెప్పకుండా వెళ్ళిపోయి చీవాట్లు తింటారు. రెండూ అక్కరలేదు. చేరిన మొదటి వారంలోనే, "శుక్రవారం ఫలానా సమయానికి వెళ్ళి వస్తానండీ, ఆ గంట సాయంత్రం కూర్చుంటాను" అని ముందుగా చెప్పిన చాలామందికి ఇబ్బంది రాలేదు. ఎవరి అవసరమైనా ఇంతే, తల్లిదండ్రుల వైద్యమైనా, పరీక్షలకు సెలవైనా. ముందుగా, సూటిగా, ప్రత్యామ్నాయం చూపించి అడగాలి.

ఏడవది, కాగితం మీదా, ఫోనులోనూ మన తీరు. ఈరోజుల్లో మనిషి కంటే ముందు మీ ఈమెయిలు, మీ ఫోను మాట అక్కడికి చేరుతున్నాయి. చాలాచోట్ల దరఖాస్తును మొదట కంప్యూటరే జల్లెడ పడుతోంది. దరఖాస్తు ఒకటి రెండు పేజీలు దాటకూడదు. ఆ ఉద్యోగానికి కావలసిన పనులు మీకు వచ్చి వుంటే అవే మాటల్లో రాయండి. ఈమెయిలు చిరునామా సరదా పేరుతో కాక అసలు పేరుతో పెట్టుకోండి. ఇంటర్వ్యూ వీడియోలో అయితే వెలుతురు ముఖం మీద పడేటట్టు కూర్చుని, ఫోనును నాలుగు పుస్తకాల మీద కంటి ఎత్తున నిలబెట్టండి. గల్ఫ్ ఉద్యోగాలకూ ఇప్పుడు ఎక్కువగా ఇలాగే పిలుస్తున్నారు. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి, లేకపోతే జవాబు మధ్యలో కుక్కరు కూత వేస్తుంది.

తలుపు బయట నిలబడిన తండ్రి

ఇక ఆడపిల్లల సంగతి. ఇది చెప్పడానికి మాకు కొంచెం సంకోచంగానే వున్నది, అయినా చెప్పాలి.

ఒక ఆదివారం బి.కాం. చదివిన ఒక అమ్మాయి తండ్రితో కలిసి వచ్చింది. "నీకు లెక్కల్లో ఏది ఇష్టమమ్మా?" అని అడిగాము. "అకౌంట్స్ అండీ" అన్నాడు తండ్రి. "వేరే ఊళ్ళో ఉద్యోగమైతే వెళ్తావా?" అన్నాము. "దగ్గరైతే పంపిస్తామండీ" అన్నాడు తండ్రి. "కంప్యూటర్ వచ్చా?" అన్నాము. "వచ్చండీ, నేర్పించాం" అన్నాడు తండ్రి. ఆ తండ్రిని తప్పుపట్టడం లేదు. బిడ్డ మీద ప్రేమే అది. సైకిలు మీద బట్టలు అమ్మి చదివించిన మనిషి. బిడ్డ తడబడితే చూడలేక తానే అందిస్తున్నాడు.

మా టీచరమ్మ లేచి, "అన్నా, మీరు అలా బయట కూర్చుని టీ తాగండి. రేపు అసలు ఇంటర్వ్యూలో మిమ్మల్ని లోపలికి రానివ్వరు కదా" అన్నది. ఆయన నవ్వి బయటికి వెళ్ళాడు. కాని తలుపు పక్కనే నిలబడ్డాడు.

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. తల్లి ఇంట్లో మిషను కుడుతుందట. ఎవరి ఆది జాకెట్టు ఏది, ఎవరికి ఏ తేదీ చెప్పారు, ఎవరు ఎంత బాకీ, అన్నీ తొమ్మిదో తరగతి నుంచి ఈ అమ్మాయే పుస్తకంలో రాస్తున్నది. పండుగ నెలలో ఇక పట్టదని తెలిస్తే కొత్త బట్ట తీసుకోకుండా, నొప్పించకుండా పంపేదీ ఈమే. "అమ్మకు వద్దనడం రాదండీ. వద్దనకపోతే పాతవాళ్ళకు మాట తప్పుతాం. అందుకని నేను చెబుతాను" అన్నది. మేము విని ఊరుకొన్నాము. ఇంతకంటే ఒక మేనేజరు చేసే పని ఏమున్నది?

బయటికి వచ్చాక ఆ తండ్రి, "ఇన్నేళ్ళ నుంచి మా ఇంట్లోనే వున్నది, ఇంత మాట్లాడగలదని మాకు తెలియలేదు సాహెబ్" అన్నాడు. ఆ అమ్మాయికి మొదట అనుకొన్న ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత ఒక ఆడిటరుగారి ఆఫీసులో చేరింది. ఆ రోజు ఇంటర్వ్యూకు తండ్రి తీసుకువెళ్ళాడు, బయట కూర్చున్నాడు.

షెడ్డు అబ్బాయి సంగతి కూడా ముగిస్తాము. తర్వాత రెండు చోట్ల పోయింది. మూడో చోట "నాన్నగారిది మెకానిక్ షెడ్డు, నేను అక్కడే పెరిగాను" అని మొదలుపెట్టాడు. ఇప్పుడు ఒక మోటారు సైకిళ్ళ సర్వీసు సెంటరులో బండి తెచ్చిన వాళ్ళతో మాట్లాడి, లోపం రాసుకొని, పని చేయించే ఉద్యోగం చేస్తున్నాడు.

చెప్పవలసిన నిజాలు కొన్ని

సాఫ్ట్ స్కిల్స్ వుంటే చాలు, ఉద్యోగం వచ్చి ఒళ్ళో పడుతుందని మేము చెప్పబోవడం లేదు. పని రాకుండా మాటే వస్తే అది నాలుగు రోజుల ముచ్చట. ఉద్యోగాలే తక్కువగా వున్నప్పుడు ఎంత బాగా మాట్లాడినా కొందరికి మిగిలేది నిరాశే. అది వాళ్ళ లోపం కాదు. పేరు చూసి, ఊరు చూసి ముఖం తిప్పుకొనేవాళ్ళు కూడా లోకంలో వున్నారు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక సివిల్ సర్వీసుల్లో ముస్లింలు ఎంత తక్కువో అంకెలతో చూపించింది. ఐ.ఏ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం అని చెప్పింది. ఆ వెనుకబాటుకు కారణాలు అనేకం. వాటికోసం అడగవలసిన చోట అడుగుతూనే వుండాలి. కాని "మనకు ఎలాగూ ఇవ్వరులే" అని దరఖాస్తే పెట్టని పిల్లవాడిని ఎవరూ తిరస్కరించనక్కరలేదు, వాడే తన్ను తాను తిరస్కరించుకొన్నాడు. ఆ మాట ఇళ్ళలో పెద్దలం పలకడం ముందు మానాలి.

ఇంకొక హెచ్చరిక. వ్యక్తిత్వ వికాసమనీ, గ్యారంటీ ఉద్యోగమనీ వేలకు వేలు గుంజే చోట్లు వున్నాయి. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గాని డిపాజిట్ అడగడు. డబ్బు కట్టమన్న చోట ఆగి, పెద్దవాళ్ళతో ఒక మాట అనండి.

తప్పు మాదీ వున్నది

చివరగా, ఈ సభలో చెప్పక తప్పని మాట ఒకటి. ఇందాకటినుంచి పిల్లలకు మాట్లాడటం రాదు, రాదు అంటున్నాము. ఎలా వస్తుంది? ఈ వార్షిక సమావేశమే చూడండి. ఎన్నో ఏళ్ళుగా జరుపుకొంటున్నాము. మూడు గంటల సభలో మాట్లాడేది అంతా పెద్దలమే. కుర్చీలు వేసేది పిల్లలు, మంచినీళ్ళు ఇచ్చేది పిల్లలు, భోజనాలు వడ్డించేది పిల్లలు. మైకు సరిచేసేదీ ఒక పిల్లవాడే, సరిచేసి, "హలో, హలో" అని, మా చేతికిచ్చి పక్కకు తప్పుకొంటాడు. ఆ "హలో"కు మించి మనం వాళ్ళను మాట్లాడనిచ్చింది లేదు. ఆ తండ్రి తన కూతురి బదులు జవాబు చెప్పాడని కథగా చెప్పాము. మన సంఘం కూడా ఇన్నేళ్ళు చేసింది అదే. స్కాలర్‌షిప్పులు ఇచ్చాము, పుస్తకాలు ఇచ్చాము, మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. ఇది కార్యవర్గంలో కూర్చున్న మా తప్పు. ఒప్పుకొంటున్నాము.

కనుక కార్యవర్గానికీ, సభ్యులకూ మా మనవి ఇది. వచ్చే సమావేశంలో వార్షిక నివేదిక ఒక అమ్మాయి చదవాలి, వందన సమర్పణ ఒక అబ్బాయి చెయ్యాలి. తడబడితే తడబడనివ్వండి, ఎవరూ అందించవద్దు. మన చిన్న చిన్న కమిటీల్లో ఇద్దరేసి యువకులను, యువతులను కూర్చోబెట్టి లెక్కలు వాళ్ళచేత రాయించండి. ఉద్యోగాల్లో వున్న సభ్యులు నెలకు ఒక ఆదివారం ఒక గంట ఇవ్వండి. దుకాణాలు, షెడ్లు వున్నవాళ్ళు తమ దగ్గర పనిచేసిన పిల్లలకు ఏం పని చేశారో నిజంగా రాసి, సంతకం పెట్టి ఒక ఉత్తరం ఇవ్వండి. అది చిన్న కాగితమే గాని పిల్లవాడు తలెత్తుకొని చూపించుకొంటాడు. తల్లులారా, ఇంటికి ఎవరైనా వచ్చి పిల్లలను ఏదైనా అడిగితే, ఆ జవాబు పిల్లల్నే చెప్పనివ్వండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో పలకని పిల్ల ఇంటర్వ్యూలో ఎలా పలుకుతుంది?

పిల్లలారా, మీ తండ్రి పనిని "బిజినెస్" అని దాచకండి. షెడ్డు అయితే షెడ్డు అని చెప్పండి, మిషను అయితే మిషను అని చెప్పండి. మీకు తెలియకుండానే అక్కడ మీరు సగం చదువు నేర్చుకొన్నారు. మిగతా సగం మనం కలిసి నేర్చుకొందాం. ఆదివారం పొద్దున పది గంటలకు సంఘం గది తలుపు తీసే వుంటుంది.

మేము ఎక్కువ సమయమే తీసుకొన్నాము. ఇందాక మైకు సరిచేసిన బాబును ఇక్కడికి రమ్మంటున్నాము. ఈ ప్రసంగం మీద నీకు ఏమనిపించిందో రెండు నిమిషాలు చెప్పు బేటా. మేము కూర్చుని వింటాము.